ఇడ్లీ ఆవిరిలో అణా స్టాంపు

ఆ ఆదివారానికి ఏకాంబరం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్య చెంగమ్మ ఇడ్లీలు వేసే వేళకు వంటింట్లో ఉండాలి. తాతల నాటి రసీదు మీదున్న అణా స్టాంపును ఆ ఆవిరికి పట్టి ఊడదీయాలి. గాంధీ రోడ్డు పక్క సందులో ఖాదర్ బాషా అంగడికి తీసుకుపోయి వెల కట్టించాలి. ఏర్పేడు నుంచి నారాయణ మామ పదింటి బస్సు దిగేలోగా ఇంటికొచ్చి, జిగురు రాసి, స్టాంపును ఎక్కడిదక్కడ అంటించేయాలి. ఇంత పకడ్బందీగా ఆలోచించే మనిషికి ఆఫీసులో ప్రమోషన్ ఎందుకు రావడం లేదో అతనికి ఎంతకీ అర్థమయ్యేది కాదు.

ఏకాంబరం పుట్టుకతోనే కుదురు లేనివాడు. పదింటి బస్సుకు ఎనిమిదింటికే స్టాండులో నిలబడతాడు. తీరా బస్సు వచ్చే సమయానికి టీ తాగడానికి పోయి ఉంటాడు.

ఆ రసీదు కథ ఏర్పేడు దగ్గర పొలంలో ఉన్న ఒక బావి చుట్టూ తిరుగుతుంది. పూర్వం ఇద్దరన్నదమ్ములకు ఆ బావి చెరి సగం. ఒక కరువు ఏడు అన్న మునిరత్నం తన సగాన్ని తమ్ముడికి అమ్మేసి, డబ్బు ముట్టినట్టు రసీదు రాసి, అణా స్టాంపు అంటించి, దాని మీద అడ్డంగా సంతకం చేశాడు. ఆ తమ్ముడి మనవడే మన ఏకాంబరం. బావి మొత్తం తనదేనంటాడు. మునిరత్నం మనవడు వరదయ్య మాత్రం వేరే మాట చెబుతాడు. వానలు పడ్డాక తాత ఆ సగాన్ని తిరిగి కొనేశాడనీ, అందుకు రసీదు తన దగ్గరుందనీ అంటాడు. అట్లాంటి కాగితం భూమ్మీద లేదని ఏకాంబరం నమ్మకం. మూడేళ్ల కిందట అతను మోటారు గదికి తాళం వేశాడు. వరదయ్య ఆ తాళం పక్కన ఇంకో తాళం వేశాడు. అప్పటినుంచి బావిలోని నీళ్లు బావిలోనే ఉన్నాయి.

అసలు బాధంతా మామిడి మొక్కలది. రిటైరయ్యాక తోటలో మంచం వేసుకుని పడుకోవాలన్న ఆశతో ఏకాంబరం కిందటేడు పొలంలో మొక్కలు నాటాడు. వరసగా కరువు. ప్రతి సెలవు రోజూ తిరుపతి నుంచి డబ్బాల్లో నీళ్లు నింపుకుని బస్సులో ఏర్పేడు తీసుకుపోయి పోసేవాడు. కండక్టర్లు ఆ డబ్బాలకు లగేజీ టికెట్టు కొట్టేవారు. నిండు బావి పక్కన నిలబడి డబ్బా నీళ్లు పోయడమంటే ఎంత కడుపుమంటో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆకుల అంచులు మాడిపోతుంటే అతనికి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

చివరికి ఇద్దరికీ మేనమామ వరసయ్యే నారాయణ పూనుకున్నాడు. ఆదివారం తిరుపతికి వచ్చి ఇద్దరి కాగితాలూ చూసి తీర్పు చెబుతాననీ, తీర్పయ్యాక ఆ కాగితాలు తన దగ్గరే పెట్టుకుంటాననీ అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో పేపర్లో ఒక వార్త పడింది. బెంగుళూరులో ఎవరిదో పాత స్టాంపు ఒకటి ఇల్లు కొనేంత ధరకు పోయిందట. ఏకాంబరం ఆ సాయంత్రమే పాత నాణేలూ స్టాంపులూ అమ్మే ఖాదర్ బాషా దగ్గరికి పరుగెత్తాడు.

"ముందర చూసి ఏం చెప్పేది సార్? రాజు తలకాయ అన్నిట్లో ఒకే మాదిరి ఉంటాది," అన్నాడు ఖాదర్ బాషా. "వెనక చూడాల. కాగితం లోపల నక్షత్రం గుర్తు ఉంటాది. ఒంటి నక్షత్రమైతే ఒక రేటు, నక్షత్రాల వరసైతే ఒక రేటు. వెనక చూడకుండా ఎవురూ వెల కట్టలేరు."

వెనక చూడాలంటే ఊడదీయాల్సిందేనని ఏకాంబరం తీర్మానించుకున్నాడు. నారాయణ మామ చేతికి పోతే ఆ కాగితం మళ్లీ దొరకదు. కాబట్టి ఆదివారం పొద్దునే ముహూర్తం. ఆలు లేదు చూలు లేదు, అప్పటికే మనసులో మొక్కలన్నిటికీ డ్రిప్పు పైపులు పరిచేశాడు.

"నువ్వు పోయి స్నానం చేసిరా. ఇడ్లీలు నేను చూసుకుంటా," అన్నాడు వంటింట్లోకి వచ్చి.

పెళ్లయిన ఇన్నేళ్లలో చెంగమ్మ ఆ మాట వినలేదు. జ్వరమేమోనని అతని నుదురు తాకి చూసి, అనుమానంగానే స్నానానికి పోయింది.

ఏకాంబరం మూత తీసి రసీదును ఆవిరికి పట్టాడు. వేళ్లు కాలాయి. కళ్లద్దాలకు మసక పట్టింది. అయినా పట్టు వదలకుండా గోటితో ఒక మూల లేపి లాగేసరికి స్టాంపు ఊడి చేతికొచ్చింది. అప్పుడుగానీ అతనికి ఒక సంగతి తట్టలేదు. మునిరత్నం తాత సంతకం కాగితం మీద మొదలై స్టాంపు మీద ముగిసింది. ఇప్పుడు కాగితం మీద 'ముని' మిగిలాడు. 'రత్నం' స్టాంపుతోపాటు లేచొచ్చింది.

'మళ్లీ అంటించేస్తే మునీ రత్నమూ కలుస్తారులే,' అనుకుని, స్టాంపును పక్కనే ఉన్న అరిటాకు ముక్క మీద బోర్లా వేశాడు. నక్షత్రం కోసం వంగి చూడబోతుండగా హాల్లో ఫోను మోగింది. రసీదును జేబులో పెట్టుకుని పరుగెత్తాడు.

"ఒరే ఏకాంబరం," నారాయణ మామ గొంతు ఎస్టీడీ బూత్ నుంచి. "బస్సులో రావడం లేదురా. పాలవ్యాను దొరికింది, దాంట్లో వస్తా ఉండా. అరగంటలో ఆడ ఉంటా. కాగితం తీసి పెట్టుకో. మునిరత్నం మామ సంతకం నాకు బాగా తెలుసు. నేను నా కండ్లతో సూడాల."

ఏకాంబరం పరుగున వంటింట్లోకి తిరిగొచ్చాడు. పొయ్యి ఆర్పేసి ఉంది. ఇడ్లీలు లేవు. ఆకూ లేదు. చెంగమ్మ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని చట్నీ గిన్నె కడుగుతోంది.

"ఈడ అరిటాకు ముక్క ఉండాలే, యాడ?"

"ఏ ఆకు?" అంది చెంగమ్మ, తల ఎత్తకుండా.

"ఇడ్లీ పాత్ర పక్కన పెట్టిన ఆకు."

"అదా... దాంట్లో ఇడ్లీలు సుట్టి పంపించినా."

"ఎవురికి?"

చెంగమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. మూడేళ్లుగా ఏ రోజు రాకూడదని మొక్కుకుంటోందో ఆ రోజు రానే వచ్చింది.

"అక్కకు. మన పిల్ల మహిత సైకిల్ మీద తీసకపోయింది. అక్కకు మోకాళ్ల నొప్పులు, పిండి రుబ్బుకోలేదు. ప్రతి ఆదివారం పంపిస్తానే ఉండా. మీ అన్నదమ్ముల కొట్లాట మీది. మా అక్కచెల్లెండ్లకు బావి లేదు, తాళమూ లేదు. నువ్వేమన్నా అనుకో."

చెంగమ్మ అక్క ఆదిలక్ష్మమ్మ. ఆమె భర్త వరదయ్య. రెండు వీధుల అవతలే కాపురం. అంటే బావి మొత్తం తనదని చెప్పే ఒకే ఒక్క సంతకంలో సగం, ఇడ్లీకి అంటుకుని సాక్షాత్తూ ప్రతివాది పళ్లెంలోకి బయలుదేరింది. ఇంకో రోజైతే ఇంటి కప్పు ఎగిరేలా అరిచేవాడు. ఈ రోజు అరవడానికి నోట్లో తడి లేదు.

"వాళ్లు టిఫిను ఎన్నింటికి తింటారు?" అని మాత్రం అడిగాడు.

మొగుడు అరవకపోవడం చెంగమ్మకు అరుపు కంటే ఎక్కువ భయం కలిగించింది. అతను చొక్కా బొత్తాలు పైదొకటి కిందదొకటి పెట్టుకుని వీధిలోకి పోగానే ఫోను అందుకుంది.

"అక్కా, ఈయనకు ఇడ్లీల సంగతి తెలిసిపోయింది. మీ ఇంటికే వస్తా ఉండాడు. ముఖం సూస్తే భయంగా ఉండాది. ముందు ఆ ఇడ్లీలు యాడన్నా దాచిపెట్టు."

ఆదిలక్ష్మమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచింది. ఇడ్లీ పొట్లాన్ని ఆకుతో సహా స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను బియ్యం డ్రమ్ములో దించి, పైన ఇంత బియ్యం కప్పింది.

ఏకాంబరం గడప ఎక్కేసరికి తలుపు తీసింది వరదయ్య. అతని చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. తమ్ముణ్ణి చూడగానే అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. మూడేళ్ల తరవాత గడప తొక్కిన మనిషిని చూస్తే ఎవరైనా తెల్లబోతారులే అనుకున్నాడు ఏకాంబరం.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే?"

"ఊరికినే వచ్చినా అన్నా. వదినకు మోకాళ్ల నొప్పులంటే సూసిపోదామని." ఏకాంబరం లోపలికి తొంగి చూశాడు. "టిఫిన్లు అయినాయా?"

"ఇంకా లేదు."

ఏకాంబరానికి పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది. "అయితే నాకూ రెండు ఇడ్లీలు పెట్టు వదినా. ఆకలిగా ఉండాది."

"ఇడ్లీలా?" ఆదిలక్ష్మమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మా ఇంట్లో ఇడ్లీలు యాడివి నాయనా? ఉప్మా చేస్తా కూర్చో."

"ఇడ్లీల వాసన వస్తా ఉండాదే."

"పక్కింట్లోది."

వదినా మరుదులిద్దరికీ ఆ ఇడ్లీలు ఎక్కడివో తెలుసు. ఎదుటివాళ్లకు తెలుసని కూడా తెలుసు. అయినా ఎవరూ బయటపడలేదు. ఆదిలక్ష్మమ్మ చెల్లెలిని కాపాడుతున్నాననుకుంటోంది. ఏకాంబరం పొట్లం ఎక్కడుందోనని చాప కింద, టీవీ వెనక, చివరికి దేవుడి పటాల మీదుగా కూడా చూపు తిప్పుతున్నాడు.

"నేనే పోయి నీళ్లు తాగొస్తా," అని వంటింటి వైపు అడుగేశాడు.

వరదయ్య ఒక్క గంతులో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నీకెందుకప్పా శ్రమ? నేను తెస్తా."

"నువ్వు పెద్దోడివి, నువ్వు తెచ్చేదేంది అన్నా. నేను పోతా."

"వచ్చినోడివి నువ్వు పోయేదేంది? కూర్చో."

"నిలబడి నిలబడి నీకు కాళ్లు నొస్తాయి, జరుగన్నా."

"నాకేం నొప్పి లేదు. నొప్పి దానికి."

మూడేళ్లుగా ఒకరి నీడ ఒకరు తొక్కని ఇద్దరు మనుషులు మంచినీళ్ల కోసం అంత మర్యాదగా పోట్లాడుకోవడం ఆదిలక్ష్మమ్మ చూసింది. చూసి, చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏకాంబరం గుమ్మంలో వరదయ్య భుజం మీదుగా చూశాడు. గట్టు మీద ఒక చెంబు, దాని మీద బోర్లించిన పళ్లెం తప్ప ఏమీ కనిపించలేదు. పొట్లం అక్కడ లేదు. అంటే వరదయ్య చేతికి చిక్కిందన్నమాట. అందుకే ఈ అడ్డం.

అదే సమయానికి, ఏకాంబరం ఇంటి మీదుగా వచ్చిన పాలవ్యాను వీధిలో ఆగింది. 'ఆడ కొట్లాటగా ఉండాది మామా, బిరీన పో,' అని చెంగమ్మ చెప్పి పంపడంతో నారాయణ పంచె ఎగ్గట్టి, కర్ర చేత పట్టి దిగాడు. వెనకే చెంగమ్మా, సైకిల్ తోసుకుంటూ మహితా వచ్చారు. తలలు పగిలి ఉంటాయనుకున్న నారాయణకు, ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఉన్న ఇద్దరు కనిపించారు. ఇద్దరికీ చెమటలు పోస్తున్నాయి.

"ఇద్దరూ ఈడే ఉండారు. మంచిదాయె," అన్నాడు నారాయణ, కుర్చీ లాక్కుని. సాయంత్రం దాకా పంచాయితీ జరుగుతుందని ఊళ్లో చెప్పి వచ్చాడాయన. వక్కాకు సంచి కూడా నిండుగా తెచ్చుకున్నాడు. "ఊఁ, కాగితాలు తీయండి."

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చెయ్యి చూపారు.

"అన్న పెద్దోడు. అన్నను ముందు చూపియ్యమను," అన్నాడు ఏకాంబరం.

"తాళం ముందేసింది తమ్ముడు. వాడే చూపియ్యాల," అన్నాడు వరదయ్య.

"ఒరే, ఎవుడో ఒకడు తీయండిరా."

ఏకాంబరం జేబులో రసీదు ఉంది. అందులో 'ముని' ఒక్కడే ఉన్నాడు. 'రత్నం' వరదయ్య దగ్గరుంది. తాను ఆ కాగితం తీసిన మరుక్షణం వరదయ్య స్టాంపు తీసి నవ్వుతాడు. దొంగ కాగితమంటాడు. నారాయణ మామ మొత్తం బావి వరదయ్యకే రాసిచ్చేస్తాడు. ఏకాంబరం కళ్ల ముందు మామిడి మొక్కలు ఒక్కొక్కటే వాడిపోయాయి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"సొంతోళ్ల మధ్య కాగితాలెందుకులే మామా," అన్నాడు నీరసంగా.

"నేనూ అదే అనుకుంటా ఉండా," అన్నాడు వరదయ్య, మాట నేల మీద పడకముందే అందుకుని. "కాగితాలు సూసుకునేంత దూరం మనుషులమా మేము?"

నారాయణ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈ ఇద్దరి మధ్య పొత్తు కుదరాలని ఆయన మొక్కుకోవడం నిజమే. కానీ ఒక్క అరుపైనా లేకుండా కుదరడం ఆయన అనుభవంలో లేదు.

"కాగితం లేకుంటే పాత లెక్కే. బావి చెరి సగం. ఒకరోజు నువ్వు, ఒకరోజు వాడు. ఈ పొద్దే తాళాలు తీయాల. సమ్మతమేనా?"

"సమ్మతమే," అన్నారిద్దరూ ఒకేసారి.

బావి మొత్తం తనదయ్యే రోజున సగంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కానీ 'రత్నం' పోగొట్టుకున్నవాడికి సగం బావి కూడా ఎక్కువే. వరదయ్య ఎందుకు ఒప్పుకున్నాడో మాత్రం బోధపడలేదు. బహుశా తనను చూసి జాలిపడ్డాడేమో అనుకున్నాడు. మూడేళ్లలో మొదటిసారి అన్న మీద కొంచెం అభిమానం పుట్టింది.

ఆదిలక్ష్మమ్మ ఆనందం పట్టలేకపోయింది. సమాధానం అయిపోయాక ఇక దాపరికమెందుకని బియ్యం డ్రమ్ములోంచి డబ్బా తీసి, పొట్లం విప్పి, ముందు పెద్దమనిషికి వడ్డించింది.

"ఇడ్లీలు లేవంటివే వదినా," అంటూ ఏకాంబరం లేచాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

నారాయణ ఒక ఇడ్లీని చట్నీలో అద్దడానికి తిరగేశాడు. తిరగేసిన చెయ్యి అట్లాగే ఆగింది. కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏమ్మా చెంగమ్మా, ఇడ్లీల మీద రాజముద్ర ఎప్పటినుంచి ఏస్తా ఉండావు?"

అందరూ వంగి చూశారు. ఇడ్లీ పొట్ట మీద కిరీటం పెట్టుకున్న రాజుగారు అతుక్కుని ఉన్నారు. ఆయన ముఖం మీదుగా, వంకరగా, 'రత్నం' అని రాసి ఉంది.

ఏకాంబరం జేబులోంచి రసీదు తీసి నారాయణ ముందు పెట్టాడు. "ఆవిరికి పట్టినా మామా," అన్నాడు. "వెల ఎంతో తెలుసుకుందామని. మళ్లీ అంటించేద్దామనే అనుకున్నా."

ముందుగా నవ్వింది వరదయ్య. బల్ల కొట్టి కొట్టి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఈయనెందుకు నవ్వుతా ఉండాడో," అంది ఆదిలక్ష్మమ్మ. "రాత్రి నుంచి చెంబులో ఏదో కాగితం ముక్క నానేసి, నన్ను ఆ గట్టు దగ్గరికి రానియ్యలేదు. ఉండండి, తెస్తా."

వరదయ్య నవ్వు సగంలో ఆగింది. ఆమె లోపలికి పోయి చెంబు తెచ్చి అందరి మధ్యా పెట్టింది. పళ్లెం తీస్తే నీళ్లు నీలంగా ఉన్నాయి. అడుగున ఒక స్టాంపు శుభ్రంగా కనిపించింది. ఎంత శుభ్రంగా అంటే, దాని మీద ఏకాంబరం తాత సంతకం ఆనవాలు కూడా లేదు. పేపర్లో వార్త చదివి ఖాదర్ బాషా దగ్గరికి పోయింది ఏకాంబరం ఒక్కడే కాదు.

స్టాంపున్న మూల కత్తిరించేసిన రసీదును వరదయ్యతో తెప్పించి, నారాయణ రెండిటినీ పక్కపక్కన పరిచి చదివాడు. ఒకటి అమ్మినట్టు. ఇంకొకటి, రెండేళ్ల తరవాత తిరిగి కొన్నట్టు.

"ఈ రెండు కాగితాలు సక్కంగా ఉండినా నా తీర్పు ఇదేరా," అన్నాడు నెమ్మదిగా. "మునిరత్నం మామ అమ్మినాడు, మళ్లీ కొన్నాడు. సగం సగమే. ఈ మాట తెలిసేదానికి మీరు ఒకరి కాగితం ఒకరు సూసుకోనుంటే సాలు. అది చెయ్యకుండా ఒకడు ఉడకబెట్టినాడు, ఒకడు నానబెట్టినాడు."

ఏకాంబరానికి సిగ్గేసింది. అట్లాంటి కాగితం భూమ్మీద లేదని ఎన్నిసార్లు ఎంతమందితో అన్నాడో గుర్తొచ్చింది. తలెత్తి వరదయ్యను చూశాడు. వరదయ్య చెంబులోకి చూస్తున్నాడు.

కాసేపటికి ఇద్దరూ ఒకే స్కూటరు మీద ఖాదర్ బాషా అంగడికి పోయారు. అన్నీ పోయినా, వెల ఎంతో తెలియకపోతే ఏకాంబరానికి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఖాదర్ బాషా భూతద్దం పెట్టి రెండు స్టాంపులూ చూసి, అల్మారాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచాడు. డబ్బా నిండా అవే రాజులు.

"స్కూలు పిల్లోళ్లు కొనుక్కుంటారు సార్, ఆల్బంలో పెట్టుకునేదానికి. రెండిటికీ కలిపి టీ తాపిస్తా."

"వెనక చూడాలంటివే?" అన్నాడు ఏకాంబరం.

"చూడాలంటే కాగితం ఎత్తి వెలుగుకు పట్టి చూస్తారు సార్. ఊడదీయమని నేనెప్పుడు చెప్తిని?" ఖాదర్ బాషా డబ్బా మూత పెట్టాడు. "స్టాంపులో ఏముండాది? రసీదుతో, సంతకంతో ఉంటేనే రేటు. అందులో ఒకే బావికి అన్నదమ్ములవి రెండు రసీదులు జతగా అంటే, మద్రాసు పార్టీ ఒకాయన కండ్లకద్దుకుని తీసుకుంటాడు. అట్లాంటివి ఉంటే చెప్పండి."

ఉండేవని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. టీ తాగి వచ్చేశారు.

మధ్యాహ్నం నారాయణ చెప్పగా మహిత కొత్త ఒప్పందం రాసింది. ఇద్దరూ సంతకాలు చేశారు, అక్కచెల్లెళ్లు సాక్షి సంతకాలు పెట్టారు. సాయంత్రం అందరూ ఏర్పేడు పోయారు. తాళాలు రెండూ తుప్పు పట్టి రాకపోతే అన్నదమ్ములు కలిసి బండరాయితో పగలగొట్టారు. మోటారు కాసేపు దగ్గి, తరవాత నీళ్లు పోసింది. ఆ మొదటి రోజు వంతు తనదే అయినా వరదయ్య కాలవను మామిడి మొక్కల వైపు మళ్లించాడు. నీళ్లు పాదుల్లోకి చేరుతుంటే ఏకాంబరం గట్టు మీద కూర్చుని, పొద్దుగూకేదాకా లేవలేదు. అంతసేపు ఒకచోట కదలకుండా కూర్చున్న మొగుణ్ణి చెంగమ్మ చూడడం అదే మొదటిసారి.

కొత్త కాగితం తన దగ్గర ఉంచమని వరదయ్య అడిగాడు, తన దగ్గర ఉంచమని ఏకాంబరమూ అడిగాడు. నారాయణ ఎవరికీ ఇవ్వలేదు. అది ఇప్పుడు ఆయన ఇంట్లో పెట్టెలో ఉంది. ఆ ఇంట్లో ఇడ్లీ పాత్ర లేదు, పొద్దున పూట కూడా రాగి సంగటే తింటారు.